కోడి రాత్రి నీళ్లు తాగదు, అయినా గూట్లో నీళ్లు ఉండాల్సిందే

ఈసారి పురుగు గురించి కాదు, కోడి గురించి రాస్తున్నా. పట్టు రైతుల పత్రికలో కోడి సంగతి ఏందని కొందరు అడగొచ్చు. మన శిడ్లఘట్ట, చింతామణి, హొసూరు పక్కల పురుగుల షెడ్డు వెనకాల కోళ్లగూడు ఉండేది మామూలే కదా. ఆ గూటికీ మన పురుగులకీ ఉన్న లంకె నాకు ఒక కోడి చచ్చినాక అర్థమైంది. అందుకే రాస్తున్నా.

పోయిన ఎండాకాలం ముందర మా పాప పట్టుబట్టి లేయర్ ఫారం కోళ్లు ఆరు తెప్పించింది. ఆ ఫారాల్లో కోడికి ఏడాదిన్నర దాటి గుడ్లు తగ్గితే లారీకి ఎక్కించి మాంసానికి పంపిస్తారు. అట్లా పోయే వాటిని మాంసం ధరకే కొన్నాం. ఇంటికి తెచ్చిన రోజు చూడాల వాటిని. మెడ మీద ఈకల్లేవు, ముక్కు కొన కత్తిరించి ఉంది, జుట్టు పాలిపోయి ఒక పక్కకి వాలిపోయింది. నేల మీద దించితే అడుగు వెయ్యడానికే భయపడినాయి. పుట్టి బుద్ధి ఎరిగినాక మట్టి తొక్కలేదు కదా పాపం.

పాత వెదురు చంద్రికలు విప్పి, జాలీ కొట్టి, పైన రేకు వేసి, నాలుగడుగులకి మూడడుగుల గూడు చేసినాం. సాయంత్రం లోపలికి తోలి, పొద్దున తెరిచేది. మొదటి వారం లోపల ఒక సత్తు గిన్నెలో నీళ్లు పెట్టినాం. తెల్లారేసరికి ఆ గిన్నె బోర్లా పడి, కింద వేసిన ఊక అంతా తడిసి ముద్దయ్యేది. మూత్రం వాసన లాగా ఘాటు వాసన, కళ్లు మండేవి. పక్కింటి మామ చూసి, "ఏమప్పా, కోడి రాత్రి లేచి నీళ్లు తాగుతుందా? చీకట్లో దానికి కన్ను కూడా కనపడదు. తీసెయ్ ఆ గిన్నె" అన్నాడు. మామ నలభై ఏండ్లుగా కోళ్లు పెంచినవాడు. ఆయన మాట సరే అనిపించి తీసేసినా.

మామ చెప్పింది అబద్ధం కాదు. చీకటి పడితే కోడి తినదు, తాగదు. గూటికి చేరే ముందర కడుపు నింపుకుని నీళ్లు తాగి పడుకుంటుంది. రాత్రంతా నీళ్లు లేకపోయినా దానికి ఏమీ కాదు. మన పెద్దోళ్లు గంప కింద కోళ్లు మూసేటప్పుడు లోపల నీళ్లు పెట్టింది నేనూ చూడలేదు. అయితే ఆ పెద్దోళ్లు కోడి కూయంగానే లేచి గంప ఎత్తేవాళ్లు. మనం అట్లా ఎత్తుతున్నామా?

మన పొద్దుటి పూట ఎవరి చేతిలో ఉందో మీకు చెప్పాల్సిన పని లేదు. నాలుగో జ్వరం లేచినాక పురుగు ఆకు నమిలే చప్పుడు వాన పడినట్లు వినిపిస్తా ఉంటుంది. ఎండ రాకముందే కొమ్మలు కొయ్యాల, వాడిపోకముందే తెచ్చి వెయ్యాల. త్రీ ఫేజ్ కరెంటు ఏ రాత్రి ఇస్తే ఆ రాత్రి తోటకి పోవాల. పురుగు పండే రోజు అయితే ఇంట్లో ఎవరికీ ముఖం కడుక్కునే తీరిక కూడా ఉండదు.

ఏప్రిల్‌లో మా 200 గుడ్ల పంట పండింది. రాత్రి రెండు గంటల నించి పండుపురుగు ఏరి చంద్రికలకి వేస్తున్నాం. ఇంటావిడ తెరిచి ఉంటుందని నేను, నేను తెరిచి ఉంటానని ఆమె. పాప పరీక్షకి పోయింది. కోళ్లగూటి తలుపు తీసేసరికి పదిన్నర. రేకు మీద చెయ్యి పెడితే కాలింది. రెండు కోళ్లు నోరు తెరిచి, రెక్కలు విడదీసి ఆయాసపడుతున్నాయి. ఒకటి మూలకి ఒరిగి చచ్చి ఉంది. అక్కడే ఊకలో అంతకు కొంచెం ముందర పెట్టిన గుడ్డు.

ఆ గుడ్డు చూసినాకే నాకు లెక్క తెలిసింది. కోళ్లు ఎక్కువగా పొద్దుటి పూటే గుడ్డు పెడతాయి. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే. తెల్లారిన మొదటి గంట రెండు గంటల్లో కోడికి దాహం ఎక్కువ, గుడ్డు పెట్టినాక ఇంకా ఎక్కువ. దానికి చెమట పట్టదు. ఎండల్లో ఒంట్లో వేడి బయటికి పోవాలంటే నోరు తెరిచి ఆయాసపడడమే ముఖ్యమైన దారి, దానికీ ఒంట్లో నీళ్లు ఖర్చవుతాయి. మామూలు రోజుల్లో ఒక కోడి పావు లీటరు దాకా తాగితే, ఎండల్లో అర లీటరు తాగుతుంది. అంటే వెలుతురు వచ్చిన ఆరు గంటల నించి మనం తలుపు తీసే దాకా ఉండే సమయమే దానికి నీళ్లు అన్నిటికంటే అవసరమైన సమయం. రాత్రి నీళ్లు అని పేరే గానీ, ఆ నీళ్లు రాత్రికి కాదు. మనం ఆలస్యం చేసే పొద్దుటికి.

కాబట్టి నా అభిప్రాయం ఇది: ప్రతి రోజూ తెల్లారంగానే తలుపు తెరుస్తానని దేవుడి మీద ఒట్టు పెట్టి చెప్పగలిగినవాళ్లు గూట్లో నీళ్లు పెట్టనక్కర లేదు. పురుగులు మేపే ఇంట్లో ఆ ఒట్టు ఎవరూ పెట్టలేరు.

తడి మాట ఏందని అడుగుతారు. న్యాయమే. చిన్న గూట్లో తడి ఊక చాలా చెడ్డది. ఆ ఘాటుకి కోళ్లకి రొప్పు పడుతుంది, రక్త విరేచనాల జబ్బూ తడిలోనే పెరుగుతుంది. మా గిన్నె రోజూ ఎందుకు బోర్లా పడిందో కూడా తర్వాత తెలిసింది. నాటు కోడి దండెం మీదికి ఎక్కి పడుకుంటుంది. ఫారం కోడికి దండెం అంటే తెలియదు, నేల మీదే ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకుంటాయి. పోయి పోయి గిన్నెలోనే కూర్చునేవి. ఈకల్లేని ఒంటికి నీళ్లు తగిలితే పుష్య మాసం చలిలో అదొక కష్టం.

దీనికి విరుగుడు ఆ కోళ్ల అలవాటులోనే ఉంది. ఫారంలో అవి గిన్నెలో తాగలేదు, నిప్పల్ పొడిచి తాగినాయి. కోళ్ల మందుల అంగట్లో ఆ నిప్పళ్లు విడిగా దొరుకుతాయి. మూత ఉన్న చిన్న బకెట్ గూటి బయట నీడ పక్క వేలాడదీసి, దాని నించి ఒక పైపు ముక్క జాలీలో నించి లోపలికి ఇచ్చి, ఆ పైపుకి రెండు నిప్పళ్లు బిగించినాం. కోడి మెడ కొంచెం పైకి సాచి తాగే ఎత్తులో ఉండాల. నేర్పించే పని లేకుండానే మొదటి సాయంత్రమే పోయి టకటకా పొడిచి తాగినాయి. ఊక పొడిగానే ఉంది. మూత ఉంది కాబట్టి ఎలుక నోరు పెట్టలేదు. ఇది మనకి చిన్న సంగతి కాదు. గూటి దగ్గర నీళ్లకీ మేతకీ అలవాటు పడిన ఎలుక రేపు చంద్రికల మీదికి వస్తుంది. అందుకే రాత్రి మేత మాత్రం తీసెయ్యాలనే అంటాను, నీళ్లు ఉంచి మేత తీసేది.

ఒక్కటి గమనించండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. డ్రిప్పర్లు మూసుకుపోయినట్లే నిప్పళ్లూ మూసుకుపోతాయి. సాయంత్రం కోళ్లు తోలినాక వేలితో నొక్కి చుక్క పడుతుందా చూసి రావాల. బకెట్ నిండా నీళ్లుండి కోడికి చుక్క అందకపోతే, పెట్టి ఏం లాభం?

నిప్పల్ దొరకని చోట గిన్నే పెట్టండి, అయితే బరువైనది, ఇటుక మీద, కోడి వీపు ఎత్తుకి, పడుకునే మూలకి దూరంగా. నీళ్లు అంగుళం పైనే ఉండాల. ముక్కు కత్తిరించిన కోడి లోతు లేని నీళ్లు సరిగ్గా అందుకోలేదు. నాటు కోళ్లతో కలిపి పెడితే రెండు గిన్నెలు పెట్టండి. కొత్త వాటిని పాతవి దగ్గరికి రానివ్వవు.

బకెట్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. షెడ్డు కడిగే బ్లీచింగ్, ఫార్మలిన్ కలిపిన బకెట్‌ని కడిగినాం కదా అని కోళ్లకి వాడొద్దు. తోటకి మందు కొట్టిన డబ్బా అసలే వద్దు. డ్రిప్‌లో యూరియా వదిలిన రోజు లైన్ చివర నించి నీళ్లు పట్టొద్దు. కోళ్లకని ఒక బకెట్ వేరుగా, వేరే రంగుది పెట్టుకుంటే కూలోళ్లు కూడా పొరపాటు పడరు.

"మాంసానికి పోయే కోడికి ఇంత సేవా?" అని మా వాళ్లే నవ్వినారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం తన దగ్గరున్న జీవికి తగినంత మేత, నీళ్లు ఇవ్వకపోవడం నేరమే. చట్టం మాట పక్కన పెట్టినా లెక్క ఒకటి ఉంది. ఒక రోజంతా నీళ్లు అందని కోడి గుడ్డు ఆపేస్తుంది, మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది. మా అయిదు కోళ్లకి ఆ పదిన్నర దెబ్బకే మూడు వారాలు గుడ్డు లేదు. లారీ నించి దించి తెచ్చి, మన గూట్లో ఎండబెట్టి చంపితే, దించింది ఎందుకు? పాప నన్ను ఆ మాట అడగలేదు. చచ్చిన కోడిని తనే తీసుకుపోయి తోట గట్టున పూడ్చింది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మామ తర్వాత వచ్చి బకెట్, పైపు చూసి, నిప్పల్ వేలితో నొక్కి, "ఇది బాగుందిలే" అన్నాడు. తన గూట్లో మాత్రం ఇంకా పెట్టలేదు. ఆయన అయిదింటికే లేస్తాడు, ఆయన చెల్లుతుంది. మొన్న మా పురుగు మళ్లీ పండింది. తలుపు తీసేసరికి తొమ్మిది దాటింది. బకెట్‌లో నీళ్లు సగానికి దిగినాయి, ఊకలో మూడు గుడ్లున్నాయి.