సూదిమందు, ఒంటిబరువు

చక్కెరవ్యాధి పట్టినవారు మొదట చిక్కిపోవుదురు. ఇన్సులిను సూదిమందు ప్రారంభించిన పిమ్మట ఒళ్లు చేయుదురు. ఈ రెంటి యర్థము తెలియకపోవుటచే కుటుంబములకు గలుగు నష్టమును గూర్చి యీవారము ప్రస్తావింపదలచితిమి. మనిషి చిక్కుచున్నపుడు దిగులనియు, దిష్టియనియు, క్షయయనియు నెలలు గడపుదురు. మందుతో కండ పట్టుచున్నపుడు "ఇది ఒంటికి పడలేదు" అని మానిపింతురు. మొదటిది తెలియక చేయు తప్పు. రెండవది ప్రాణముమీదికి వచ్చు తప్పు.

కంభమువారికి దీనిని వివరించుట సులభము. మన చెఱువు నిండియున్నను తూములు తెఱువనిచో క్రిందిపైరు ఎండును. హెచ్చిన నీరు అలుగు దాటి పోవును. రక్తమే చెఱువు, చక్కెరయే నీరు, కండరములును కొవ్వును పొలములు. తూము తెఱచునది ఇన్సులిను. అది లేనిచో, ఉన్నను పనిచేయనిచో, చక్కెర రక్తములో పేరుకొని, డెసిలీటరునకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినపుడు మూత్రపిండముల నుండి పొరలి మూత్రములో పోవును. నీటిని వెంటబెట్టుకొని పోవును గనుక దాహము తీరదు. దినమునకు 100 గ్రాముల చక్కెర యిట్లు పోయినచో 400 కెలోరీల యాహారము మట్టిపాలైనట్లే. తిన్నది చాలక శరీరము తన కొవ్వునే, తన కండనే కరగించుకొని బ్రతుకజూచును. కడుపునిండ తినుచు చిక్కిపోవువానికి తాయెత్తు గాదు, రక్తపరీక్ష కావలెను. పిల్లలయెడ ఒక్కదినమైనను ఆలస్యము తగదు.

సుశ్రుతసంహిత పుట్టుకతో వచ్చు ప్రమేహమును, అపథ్యముచే వచ్చుదానిని వేఱుపఱచి, మొదటి రోగి కృశించియుండుననియు, రెండవవాడు స్థూలకాయుడనియు చెప్పినది. మనపూర్వు లింత నిశితముగా చూచిరని గర్వించుట న్యాయమే. కాని చూచుట వేఱు, బ్రతికించుట వేఱు. ఆ కృశించిన బాలుని నిలుపు మందు 1922 వఱకు ఏ దేశమునందును లేదు. పస్తులుంచుటయే నాటి చికిత్స. ఆ యేడు జనవరిలో కెనడాదేశపు టొరంటో ఆసుపత్రిలో లియొనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిను ఎక్కించిరి. అతని బరువు సుమారు 65 పౌనులు, అనగా 30 కిలోలైనను లేదు. 11వ తేదీ యిచ్చిన మందు శుద్ధముగా లేక ఫలింపలేదు. కాలిపు శుద్ధిచేసిన మందు 23వ తేదీ ఫలించెను. బాలుడు మఱి 13 ఏండ్లు జీవించెను. బాంటింగు, బెస్టు, కాలిపులు తమ పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరునకే ఆ విశ్వవిద్యాలయమున కిచ్చివేసిరి.

ఇక బరువు హెచ్చుమాట. అది యబద్ధము కాదు, దాచవలసినదియు కాదు. 1998లో ప్రకటితమైన ఆంగ్లదేశపు దీర్ఘపరిశోధనలో, ఇన్సులిను వాడినవారు 10 ఏండ్లలో పథ్యముపై నుంచబడినవారికంటె సుమారు 4 కిలోలు అధికముగా పెరిగిరి. మూత్రములో పోవుచుండిన యాహారము ఒంటనే నిలుచుట మొదటి కారణము. చక్కెర పడిపోవునను భయముతో మాటిమాటికి తీపి నోట వేసికొనుట మఱియొకటి. ఇది మనయిండ్లలో ముఖ్యముగా చూడవలసిన సంగతి. పోయిన కండ తిరిగివచ్చుట యారోగ్యము. అంతకుమించి నడుమునకు కొవ్వు చేరినచో మోతాదు సరిచూచుటకును, మెట్ఫార్మిను చేర్చుటకును వైద్యుడు కలడు. నడచుటకు చెఱువుకట్ట కలదు. సన్నబడుటకై సూది మానువారు, అందును బాల్యముననే వ్యాధి పట్టినవారు, కొలదిదినములలోనే రక్తము ఆమ్లమై ప్రాణాపాయమున పడుదురు.

2023లో వెలువడిన భారత వైద్యపరిశోధనామండలివారి లెక్క ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా చక్కెరరోగులు కలరు. ఇన్సులిను నేడు బెంగుళూరులోనే తయారగుచున్నది. పరదేశపు ఓడకై యెదురుచూడ నక్కఱలేదు. అత్యవసరౌషధముల జాతీయజాబితాలోను అది చేరియున్నది. కాన కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములలో ప్రతి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునను ఈ మందు ఎల్లప్పుడు నిలువయుండవలెనని కోరుచున్నాము. తెఱువని సీసా 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుండవలెను. మన వేసవిలో ఫ్రిజ్జు లేనియింట తడిగుడ్డ చుట్టిన మట్టికుండ కొంత యక్కఱకు వచ్చును గాని, కరెంటు పోయిన ఆరోగ్యకేంద్రమున కది చాలదు. అచట చలువపెట్టెకు వేఱు విద్యుదాధారమును, రోగిని తూచుటకు సరియైన త్రాసును, చక్కెరపరీక్షకు పట్టీలును సమకూర్చుటకు రాబోవు ఎండలలోగా ప్రభుత్వమువారు ఉత్తరువు లియ్యవలెను.