32 కేబీలో ఎనిమిది గెలాక్సీలు

కంప్యూటర్ ఆటలు డబ్బున్నవాళ్ల కాలక్షేపమని మన హాస్టల్లో చాలామందిలాగే నేనూ అనుకునేవాణ్ణి. పీజీలో రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో 2016 నాటి 'నో మ్యాన్స్ స్కై' చూశాను. 1,84,000 కోట్ల కోట్లకు పైగా గ్రహాలు! ఎవరూ కూర్చుని గీసినవి కావు, సూత్రంలోంచి పుట్టినవి. నోరు తెరిచాను. నాలుగు రోజులకే విసుగొచ్చింది. కొండల రంగు మారుతుంది, జంతువుల కాళ్లు మారతాయి, అంతే.

నన్నడిగితే 1984 నాటి 'ఎలైట్' గొప్పది. కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ 32 కేబీ మెమరీ ఉన్న కంప్యూటర్ కోసం రాశారు. మూడు సంఖ్యలు కూడితే కొత్త సంఖ్య, దాంట్లోంచే నక్షత్రం పేరు, ప్రభుత్వం, సరుకుల ధరలు. ఇంకెన్నో గెలాక్సీలు చేయగలిగినా ఎనిమిదితో ఆపారు, ఒక్కోదానిలో 256 నక్షత్రాలు. మంచి పని చేశారు. ఇంధనం 7 కాంతి సంవత్సరాలకే సరిపోతుంది కాబట్టి ధర చూసుకుని మరీ బయల్దేరాలి. మా నాన్న సంతకు పోయేముందు బస్సు ఛార్జీ, మేక ధర బేరీజు వేసుకునే లెక్కే ఇది!

తమ్ముళ్లూ, ఆ కూడిక మీకు వచ్చిందే. రఫ్ నోట్సులో ఏవైనా మూడు సంఖ్యలు కూడి, చివరి రెండంకెలే ఉంచి, మళ్లీ చివరి మూడింటినీ కూడుతూ పొండి. సెలవులకు వచ్చినప్పుడు ఆ అంకెలకు ఊళ్ల పేర్లు పెడదాం.