అయస్కాంతం మహిమా? ట్యాంకరు మహిమా?



మొన్న మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ‘అయస్కాంత జలం’ మీద మీరు వేసిన పేజీ చదివాను. కింద పైపుకి కట్టే అయస్కాంత యంత్రం ప్రకటనా చదివాను. రెంటిలోనూ బొమ్మ ఒకటే కావడంతో వ్యాసం ఎక్కడ అయిపోయిందో, ప్రకటన ఎక్కడ మొదలైందో అంతుబట్టలేదు. సరే, పేపరు నడవాలి కదా! నాకు ఒళ్లు మండింది మాత్రం, బలహీనమైన అయస్కాంత క్షేత్రం కూడా రసాయన చర్యల్ని మారుస్తుందని శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చేశారన్న ముక్కకి. అంచేత బోరు పైపుకి అయస్కాంతం కట్టించుకుంటే గీజరులో సున్నం పట్టదట, జుట్టు రాలదట.

ముందరి ముక్క అబద్ధం కాదు. అందుకే మరీ కోపం. ఎవరో ఏళ్ల తరబడి కష్టపడి రాబట్టిన నిజాన్ని తెచ్చి పైపు బేరానికి వాడుకున్నారు.

హైదరాబాదులో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 43 మైక్రోటెస్లాలు. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ అయస్కాంతం దీనికి వంద రెట్లు ఉంటుంది. గది వేడికి అణువులు కొట్టుకులాడే శక్తి ముందు, భూమి క్షేత్రం ఒక ఎలక్ట్రాన్ మీద చూపించే శక్తి దాదాపు కోటో వంతు. మరి అంత చిన్నది చర్యని ఎలా మారుస్తుంది? వేడితో పోటీపడి కాదు. జంటగా పుట్టిన రెండు ఫ్రీ రాడికల్స్‌లో (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువుల్లో) ఎలక్ట్రాన్ల స్పిన్‌లు కాసేపు, అంటే సెకనులో లక్షల వంతుల లెక్కన, వేడి తాకిడికి లొంగకుండా తమ పాటికి తాము తిరుగుతుంటాయి. ఆ వ్యవధిలో క్షేత్రం వాటిని కాస్త మళ్లిస్తే చివరికి తయారయ్యే పదార్థాల పాళ్లు మారతాయి. వలస పక్షులు దిక్కు తెలుసుకునేది ఇలాగే కావచ్చని శాస్త్రవేత్త క్లాస్ షుల్టెన్ 1978లో ప్రతిపాదించాడు. భూమి క్షేత్రమంత బలహీనమైనది నిజంగానే ఒక అణువు మీద పనిచేస్తుందని ఆక్స్‌ఫర్డ్ బృందం చూపించేసరికి 2008 వచ్చింది. అదీ ల్యాబులో కట్టిన ప్రత్యేకమైన అణువులో, బాగా చల్లబరచి. మన బోరు నీళ్లలోని సున్నానికి రాడికల్ జంటలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?

ఇక మీ వ్యాసకర్త ఈ ప్రభావాన్ని కొలిచిన తీరు. మీరు వేసిన ఫోటోలో బీకరు చుట్టూ రాగి తీగ చుట్ట, దాని కింద ఇనుప బల్ల, వెనకాల స్టీలు బీరువా. మీ సెల్‌ఫోనులో దిక్సూచి తెరిచి బీరువా పక్కగా నడవండి, ముల్లు ఏ దిక్కు చూపిస్తుందో! బొంబాయిలో ట్రాములకి కరెంటు వస్తోందని కొలాబా అబ్జర్వేటరీ వాళ్లు అయస్కాంత కొలతల్ని 1904లోనే అలీబాగ్‌కి మార్చుకున్నారు. అక్కడి కట్టడంలో ఇనుము చేరకుండా చూసుకున్నారు. మన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లకీ నగరం గోలకి దూరంగా చౌటుప్పల్‌లో పరిశీలన కేంద్రం ఉంది. మీ వ్యాసకర్తకి మాత్రం బీరువా అడ్డు రాలేదు.

తీగ చుట్టలో కరెంటు పారితే అది వేడెక్కుతుంది, దాంతోపాటు బీకరూ వేడెక్కుతుంది. పది డిగ్రీలకి చర్య వేగం సుమారుగా రెట్టింపవుతుందని ఇంటర్ పిల్లలే చెబుతారు. ఆ లెక్కన ఒక్క డిగ్రీకి 7 శాతం. వ్యాసంలో గొప్పగా చెప్పుకున్న చర్య వేగం తేడా అంతకన్నా తక్కువే! దీనికి విరుగుడు కొత్తదేం కాదు. తీగని జంటగా చుడతారు. రెండింటిలో కరెంటు ఒకే వైపు పోతే క్షేత్రం ఉంటుంది, ఎదురెదురుగా పోతే రద్దవుతుంది, వేడి మాత్రం రెండుసార్లూ అంతే. స్విచ్ ఎటు వేసి ఉందో కొలిచే మనిషికి తెలియనివ్వరు. ఇవేవీ చేసినట్టు ఒక్క మాట లేదు.

మా అపార్ట్‌మెంట్ భాగోతం కూడా వినండి. ఆమధ్య మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మెయింటెనెన్స్ డబ్బుతో ఇలాంటి యంత్రమే బోరు పైపుకి బిగించారు. రెండు నల్ల దిమ్మలు, పైన నీలం స్టిక్కరు. నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, నోరు ఊరుకోదు. “ఇలాంటివే ఉత్త చెక్క దిమ్మలు చేయించి, రెంటికీ గుడ్డ చుట్టి, నెల నెలా మారుద్దాం. ఏవి ఎప్పుడున్నాయో వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియొద్దు. గీజరు కాయిళ్ల మీద సున్నం గీకి తూకం వేద్దాం” అన్నాను. “మాస్టారూ, రిటైరయ్యాక కూడా ప్రాక్టికల్సేనా?” అన్నారాయన. అందరూ నవ్వారు.

మే నెల మీటింగులో ఒకటే పొగడ్తలు. ఒకావిడకి జుట్టు రాలడం తగ్గింది. ఒకాయన ఇంట్లో కందిపప్పు తొందరగా ఉడుకుతోంది. ఇంకొకరి బకెట్లకి తెల్ల చారలు పోయాయి. నిజమే కావచ్చు. కాకపోతే మార్చిలోనే బోరు ఎండిపోయింది! అప్పట్నుంచీ మేం వాడుతున్నది ట్యాంకరు నీళ్లు. ట్యాంకరు గొట్టం నేరుగా సంపులోకి పెడతారు, అయస్కాంతం ఉన్న పైపులో చుక్క పారలేదు. లేచి ఆ మాటే చెబితే, “అయితే దాని పవరు సంపు దాకా వస్తోందన్నమాట” అన్నారు ప్రెసిడెంటు గారు. చప్పట్లు కూడా కొట్టారు.

వానలు పడి బోరు తిరిగి పోశాక, యంత్రానికి ముందోసీసా, తర్వాతోసీసా పట్టి, నీటి కఠినత్వం తేల్చడానికి ఈడీటీఏతో టైట్రేట్ చేయించాను. వైన్ రెడ్ పోయి నీలం తేలిన చోటు రెంటికీ ఒకటే, అంటే కఠినత్వం మారలేదు. కాయితం చూపిస్తే, “ఇది కఠినత్వం తగ్గించదు సార్, సున్నం గుణం మారుస్తుంది” అన్నాడు అమ్మినవాడు. మరి మా గీజరు మెకానిక్ స్క్రూడ్రైవరుతో పెళ్లలు పెళ్లలుగా ఊడదీసింది ఏ గుణం సున్నమో అంటే ఫోను పెట్టేశాడు.

అసలు మీ బుధవారం సైన్సు పేజీ ఏమైంది? మా పిల్లలు కత్తిరించి ఫైలు చేసుకునేవాళ్లు. ముందు సగం పేజీ అయింది, తర్వాత సెల్‌ఫోన్ల ధరలొచ్చాయి, ఇప్పుడు రాశిఫలాలు. రసాయన శాస్త్రవేత్త భట్నాగర్ పేరిట అవార్డులు ప్రకటిస్తే జాబితా వేస్తారు. ఆయనా మాథుర్ కలిసి 1928లో తయారుచేసిన అయస్కాంత తుల గురించి ఎన్నడైనా రాశారా? నీళ్లని అయస్కాంతం లాగదు, నెడుతుంది, అదీ కంటికి ఆననంత. అలాంటి స్వల్పమైన నెట్టుడుని కాంతి వ్యతికరణ పట్టీలతో కొలిచిన పరికరం అది. లండన్ కంపెనీ తయారుచేసి అమ్మింది. అయస్కాంతం, రసాయనం, కొలత, మూడూ మన దేశంలోనే ఉంటే మీకు దొరికింది పైపు దిమ్మ.

నిజాయితీగా పరీక్షించడమంటే ఏమిటో చూడండి. పండ్ల ఈగలు అయస్కాంత క్షేత్రాన్ని గుర్తుపడతాయని అంతకుముందు వచ్చిన ఫలితాన్ని, జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో వలస పక్షుల మీద పనిచేసేవాళ్లే మళ్లీ పరీక్షించారు. నిజమైతే వాళ్ల సిద్ధాంతానికే బలం. ఒక్క ప్రయోగంలోనే 97,658 ఈగల్ని చూసి, ప్రభావమేమీ కనబడలేదని 2023లో అచ్చు వేసుకున్నారు. వాళ్లంత శ్రమ మిమ్మల్ని పడమనను. వ్యాసకర్తని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి: బీకరు వేడి ఎంత? ఉత్త దిమ్మతో పోల్చారా? ఏది అసలుదో కొలిచినవాళ్లకి తెలుసా?

మీ వ్యాసం కత్తిరించి మా ప్రెసిడెంటు గారు లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద అంటించారు. రెండో యంత్రం కొనడానికి ఫ్లాటుకింతని చందా కూడా దానికిందే రాశారు. నేను ఇవ్వను.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
మియాపూర్, హైదరాబాద్