మీట నొక్కితే వచ్చేదెవరు?

మన ఇళ్ళలో పెద్దావిడ ఎవరైనా కాలు జారి పడితే, ఆవిడ నోటి వెంట ముందుగా వచ్చే మాట "నాకేం కాలేదు" అని. నొప్పి సంగతి తర్వాత. ఎవరైనా చూశారేమోనన్న సిగ్గు, పిల్లలకి తెలిస్తే కంగారు పడతారన్న బెంగ ముందు. ఒళ్ళు కాలిపోతున్నా వంటపని ముగించాకే మంచమెక్కిన మనిషి ఆవిడ. ఇంటిల్లిపాదికీ వడ్డించాకే తన బాధ చెప్పుకున్న మనిషి. అలాంటావిడ డెబ్భై అయిదో ఏట, ఒంటరిగా ఉన్న ఇంట్లో, గచ్చు మీద పడిపోయి "ఎవరైనా రండి" అని కేక వేస్తుందా?

ఈ ప్రశ్న ఎందుకు అడగాల్సి వస్తోందంటే, వయసు మళ్ళినవారికీ వికలాంగులకీ ఆపదలో సాయం పిలిచే అలారాలు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. మెళ్ళో బిళ్ళలా వేసుకునేవి కొన్ని, చేతికి గడియారంలా కట్టుకునేవి కొన్ని. మీట నొక్కితే చాలు, పిల్లల ఫోనుకో, సాయం అందించే కేంద్రానికో కబురు వెళుతుంది. మనిషి పడిపోతే తనంతట తానే కనిపెట్టి ఫోను చేసే గడియారాలు కూడా 2018 నాటికే వచ్చేశాయి. అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్న కొడుకో కూతురో ఒకటి కొని పంపుతారు. అమ్మ దాన్ని అట్టపెట్టెతో సహా బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా దాస్తుంది. వచ్చిన చుట్టాలకి "మా అమ్మాయి పంపింది" అని చూపిస్తుంది. ఒంటికి మాత్రం పెట్టుకోదు.

"చెప్తే వినదండీ" అని పిల్లలు విసుక్కుంటారు. నన్నడిగితే తప్పు అమ్మది ఒక్కదానిదే కాదు. వస్తువు కొనిచ్చాక మన బాధ్యత తీరిపోయిందనుకోవడంలోనే ఉంది అసలు పొరపాటు.

పడటం కన్నా పడి ఉండటం ముప్పు

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. తుంటి ఎముక విరగడం గురించి మనందరికీ తెలుసు. ఎముక విరక్కపోయినా, లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోతే ఏమవుతుందో చాలామందికి తెలీదు. ఒత్తుకున్న చోట చర్మం పుండు పడుతుంది. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. నలిగిన కండరాల్లోంచి రక్తంలో కలిసే పదార్థాలు మూత్రపిండాలని దెబ్బతీస్తాయి. షుగరు మందు వేసుకున్నవాళ్ళయితే వేళకి తిండి పడక షుగరు పడిపోతుంది. అందుకే పడ్డాక ఎంతసేపట్లో మనిషి వచ్చారన్నది ప్రాణానికి సంబంధించిన లెక్క.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తొంభై ఏళ్ళు దాటినవాళ్ళని ఏడాదిపాటు గమనించి చేసిన ఒక అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ ఏడాదిలో వాళ్ళలో నూటికి 60 మంది పడ్డారు. పడినవాళ్ళలో నూటికి 80 మంది కనీసం ఒక్కసారైనా తమంతట తాము లేవలేకపోయారు. నూటికి 30 మంది గంటో, అంతకన్నా ఎక్కువసేపో నేల మీదే ఉండిపోయారు. అలాగని అక్కడ అలారాలు లేకపోలేదు. చాలామందికి ఉన్నాయి. అయినా ఎక్కువసేపు పడి ఉన్న సందర్భాల్లో చాలావాటిలో ఎవరూ వాటిని వాడలేదు. కొందరికి పెట్టుకునే అలవాటే కాలేదు. కొందరు నొక్కబోయి నొక్కలేకపోయారు. కొందరు కావాలనే నొక్కలేదు. మనూళ్ళోనే కాదు, అన్నిచోట్లా ఇంతే.

ముగ్గు పడకపోతే వచ్చే ఎదురింటావిడ

ఈ మెడలో మీటలు కొత్తవేం కాదు. 1970లలోనే జర్మనీలో, అమెరికాలో మొదలయ్యాయి. అమెరికాలో ఆండ్రూ డిబ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో దీన్ని ఒక సేవగా ప్రారంభించాడు. అందులో గమనించాల్సింది యంత్రాన్ని కాదు, దాని వెనకున్న పద్ధతిని. మీట నొక్కగానే కేంద్రంలో ఉన్న మనిషి ఇంటికి ఫోను చేస్తుంది. జవాబు రాకపోతే, ముందే పేర్లు రాయించుకున్న పొరుగువాళ్ళకో స్నేహితులకో చెప్పి ఇంటికి పంపిస్తుంది. అంటే చివరికి తలుపు దగ్గరికి వచ్చేది ఇరుగూ పొరుగే.

ఇది మనకి తెలియని సంగతా? తెల్లారి ఏడు దాటినా ఆ ఇంటి ముందు కళ్ళాపి జల్లలేదు, ముగ్గు పడలేదంటే ఎదురింటావిడ వచ్చి "ఏం పిన్నిగారూ, ఒంట్లో బాగాలేదా?" అని తలుపు తట్టేది. ఆ రోజుల్లో అదే అలారం. ఇప్పుడు ముగ్గు స్టిక్కరయింది. పాలపాకెట్టు తలుపుకి కట్టిన సంచిలో మధ్యాహ్నం దాకా ఉన్నా పక్క ఫ్లాటువాళ్ళు లిఫ్టెక్కి వెళ్ళిపోతారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోనుకి అలారం వచ్చిందే అనుకోండి, అక్కడ అది అర్ధరాత్రి. అతను లేచి ఇక్కడ ఎవరికి ఫోను చెయ్యాలి? పక్కింటివాళ్ళ నంబరు అతని దగ్గర ఉందా?

ఉందనే అనుకుందాం. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. తలుపుకి లోపలినుంచి పైగొళ్ళెం, కిందగొళ్ళెం, బయట గ్రిల్లుకి తాళం. దొంగల భయంతో అమ్మ వేసుకున్నవే అవన్నీ. తలుపు బద్దలుకొట్టే మనిషి దొరికేదాకా అమ్మ లోపల గచ్చు మీదే. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ మీద జరిగే దాడుల వార్తలు చదువుతూ "గడియ వేసుకోకండి" అని నేను చెప్పను. బయటినుంచి తాళంచెవితో తెరవగలిగే తాళం పెట్టించి, మారు తాళంచెవి నమ్మకమైన ఒకరి దగ్గర ఉంచమంటాను. ఆ ఒకరు ఎవరన్నది అమ్మే చెప్పాలి. ఆవిడకి ఇష్టంలేని మనిషికి తాళంచెవి ఇస్తే ఆవిడ మళ్ళీ గొళ్ళెం వేసుకుంటుంది.

అలాగే స్నానాలగది. పడేది ఎక్కువగా అక్కడ భయం. గడియారమూ బిళ్ళా తీసి పక్కన పెట్టేదీ అక్కడే. తడిసినా పాడవని రకం కొనాలి, స్నానానికి వెళ్ళినా తియ్యకూడదు. తలుపు లోపలికి తెరుచుకునేదయితే, మనిషి దానికి అడ్డంగా పడితే బయటివాళ్ళు తొయ్యలేరు. వడ్రంగిని పిలిచి బయటికి తెరుచుకునేలా మార్పించడం అలారం కొన్నంత ముఖ్యం.

అందరికీ ఒకే మీట పనికిరాదు

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వీళ్ళకి అలారం ఎన్నుకునేటప్పుడు మనం అసలు ఆలోచించం. మాట రాని అమ్మాయికి, "మీకేమయింది, చెప్పండి" అని అడిగే అలారం ఏం లాభం? చెవులు వినపడని ఆవిడకి తన కబురు చేరిందో లేదో తెలియాలంటే దీపం వెలగాలి, లేదా చేతికట్టు అదరాలి. చూపులేనివారికి నున్నటి అద్దం తెర కన్నా వేలికి తగిలే ఎత్తు బటనే మేలు. చేతులు స్వాధీనంలో లేనివారికి మోచేత్తోనో కాలితోనో నొక్కగలిగేంత పెద్ద మీట కావాలి. కొనేముందు వాడే మనిషి చేతే నొక్కించి చూడాలి.

ఇంకో మాట ఉంది. ఇది చెప్పడం కష్టం గానీ చెప్పక తప్పదు. మంచంలో ఉన్న ముసలమ్మకైనా, చక్రాల కుర్చీలో ఉన్న ఆడపిల్లకైనా ఆపద ఎప్పుడూ జారిపడటం వల్లే రాదు. ఒక్కోసారి చూసుకునే మనిషి వల్లే రావచ్చు. అలారం మోగేది ఆ మనిషి ఫోనులోనే అయితే ఇక దిక్కెవరు? తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. హింస నుంచి రక్షణ పొందే హక్కు అందులో రాసే ఉంది. అందుకని అలారంలో పెట్టే నంబర్లలో ఒకటి తప్పకుండా ఇంటి బయటివాళ్ళది ఉండాలి. స్నేహితురాలో, అక్కచెల్లెలో, పాత సహోద్యోగో, ఎవరైనా సరే.

చేతిలో ఉన్నదే మొదలుపెడదాం

ఖరీదైనది కొనలేని ఇళ్ళే ఎక్కువ. వాళ్ళకి దారి లేదా అంటే ఉంది. 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ప్రతి సెల్‌ఫోనులోనూ ఆపద బటన్ ఉండాలని కేంద్రం 2016లో నిబంధన పెట్టింది. మామూలు ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవడం, స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్‌ని గబగబా మూడుసార్లు నొక్కడం ఆ నిబంధనలోని పద్ధతి. ఫోనుకీ ఫోనుకీ తేడా ఉంటుంది కాబట్టి అమ్మ ఫోనులో ఎలాగో చూసి, ఆవిడకి నేర్పాలి. 112కి చేస్తే పోలీసు, అగ్నిమాపక దళం, అంబులెన్సు అన్నింటికీ ఒకటే నంబరు. మన రాష్ట్రంలో 2005లో మొదలైన 108 ఉండనే ఉంది. వృద్ధుల కోసం 14567 అనే హెల్ప్‌లైను కూడా ఉంది. ఫించను సందేహాలకీ, నిరాదరణకి గురైనవాళ్ళకీ, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికీ అది అక్కరకొస్తుంది. కానీ అది పనిచేసేది పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా. అర్ధరాత్రి పడిపోయినవాళ్ళు దాన్ని నమ్ముకోకూడదు.

అంతకన్నా తేలిక ఉపాయం ఒకటి చెప్తాను. తీగ అక్కర్లేని కాలింగ్‌బెల్లు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. నొక్కే బటన్ స్నానాలగదిలో, నేల మీద పడినా చెయ్యి అందేంత కిందుగా అతికించి, మోగే పెట్టె పక్కింట్లో పెట్టించవచ్చు. ఫోను చార్జింగ్ అయిపోయినా అది మోగుతుంది. కరెంటు పోయినా పర్లేదు అనుకోవాలంటే బ్యాటరీతో మోగే రకం కొనాలి. ఏ యంత్రమైనా నెలకోసారి నొక్కి చూడాల్సిందే. బ్రిటన్‌లో పాత టెలిఫోను లైన్లు తీసేసి కొత్త పద్ధతిలోకి మారుస్తుండగా కొందరి అలారాలు పనిచేయక ప్రమాదాలు జరిగాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం కలుగజేసుకుని బలవంతపు మార్పిడి ఆపించాల్సి వచ్చింది. అంత పకడ్బందీ దేశంలోనే అలా జరిగితే, వైఫై మీదా కరెంటు మీదా ఆధారపడే మన ఇళ్ళ సంగతేమిటి?

"పెద్దవాళ్ళని మనుషులు కనిపెట్టుకుని ఉండాలి గానీ ఈ మీటలేమిటి?" అనేవాళ్ళున్నారు. ఆ మనుషులు ఎవరో కూడా వాళ్ళే చెబితే బాగుంటుంది. చాలా ఇళ్ళలో ఆ మనిషి కోడలో, పెళ్ళికాని కూతురో. అత్తగారు పడిపోతారేమోనని బజారుకి కూడా వెళ్ళలేక, ఉద్యోగం మానుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఎంతమందో! గంటసేపు ధైర్యంగా బయటికి వెళ్ళిరావడానికి ఒక మీట ఉపయోగపడితే తప్పేముంది? మరికొందరు పడగ్గదిలో కెమెరా పెట్టేస్తారు. నాకది నచ్చదు. కెమెరా ఉంటే ఎప్పుడు చూడాలో పిల్లలు నిర్ణయిస్తారు. మీట ఉంటే ఎప్పుడు పిలవాలో అమ్మ నిర్ణయిస్తుంది. జీవితమంతా ఇంకొకరి వీలు చూసుకునే బతికినావిడకి ఈ ఒక్క అధికారమైనా దక్కనివ్వండి.

అయితే ఆ అధికారం ఆవిడ వాడుకోవాలంటే, పిలిస్తే విసుక్కోరన్న నమ్మకం ముందు కలగాలి. పొరపాటున మీట తగిలి అలారం మోగిందనుకోండి. "అయ్యో, మీటింగులో ఉన్నానమ్మా, చూసుకోవద్దూ?" అన్నామంటే ఆవిడ మరునాడే దాన్ని తీసి బీరువాలో పెడుతుంది. ఇక నిజంగా పడిననాడు కూడా నొక్కదు. "పర్వాలేదమ్మా, పనిచేస్తోందని తెలిసింది కదా" అనండి చాలు.

ఈ ఆదివారం అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో కూర్చోండి. తాళంచెవి ఎవరికివ్వాలో అడగండి. ముగ్గురి నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి, నేల మీద కూర్చున్నా కనబడేలా గోడకి అంటించండి. ఆ ముగ్గురికీ మీరే ఫోను చేసి, "అమ్మ పిలిస్తే వెళతారా?" అని అడగండి. ఆ తర్వాత ఆవిడ చేతే మీట నొక్కించి, ఎంతసేపట్లో ఎవరొచ్చారో గడియారం చూడండి.