వెదకు యంత్రము – మన రెండు లిపులు

కళాశాల గ్రంథాలయమునకు ఒక వెబ్‌సైటు ఉండవలెననియు, అందు పుస్తకములను వెదకు సౌకర్యము, చదువదగిన వానిని సూచించు సౌకర్యము ఉండవలెననియు నేటి విద్యార్థులు కోరుట సమంజసమే. మేము ఆ కోరికను హర్షించుచున్నాము. అయితే ఈ పనికి పూనుకొనుటకు ముందు మూడు విషయములను ఆలోచింపవలసి యున్నది.

ఇట్టి సౌకర్యములను ఎవరును మొదటినుండి నిర్మించుకొననక్కరలేదు. ఏ.పి.ఐ. అను మార్గము కలదు. రైల్వే రిజర్వేషను కిటికీవద్ద ఫారము నింపి ఇచ్చినచో, లోపలి యంత్రాంగము మనకు తెలియకున్నను టిక్కెట్టు చేతికి వచ్చును. అట్లే మన వెబ్‌సైటు నిర్ణీత రూపమున ప్రశ్న పంపగా, ఎక్కడనో ఉన్న కంప్యూటరు సమాధానము పంపును. కాని ఫారములో పేరు తప్పినచో టిక్కెట్టును తప్పును.

మొదటి చిక్కు భాషలోనే ఉన్నది. మన ఊళ్ల పేర్లనే చూడుడు. ఒకరు మదనపల్లె అని వ్రాయుదురు, ఒకరు మదనపల్లి అందురు. పుంగనూరు అన్నది పుంగనూరి అగును. కుప్పము, కుప్పం, కుప్పానికి – మనకు ఇవన్నియు ఒక్క ఊరే. అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు మూడు వేర్వేరు మాటలు. ఉర్దూలోను ఇంతే. అరబ్బీ ‘యే’కు ఒక సంకేతము, ఉర్దూ ‘యే’కు మరియొకటి, పదమధ్యమున రెండును కంటికి ఒక్క తీరుగనే కనబడును. పుస్తకము బీరువాలోనే ఉండును, యంత్రము లేదనును. ఉర్దూ సాహిత్యమునకై 2013లో వెలసిన రేఖ్తా వెబ్‌సైటు ఉర్దూ, దేవనాగరి, రోమను లిపులు మూడింటను వెదకనిచ్చుచున్నది. శ్రద్ధ ఉన్నచో ఇది సాధ్యమే.

రెండవది సిఫారసు. ఒక పుస్తకము తీసికొన్నవారు మరి ఏమేమి తీసికొనిరో లెక్కించి చెప్పుట దీని మూలసూత్రము. అమెజాన్ ఇంజనీర్లు 2003లో ఈ పద్ధతిని ఒక వ్యాసమున వివరించిరి. అంగడికి ఇది తగును. గ్రంథాలయమున ఇదొక్కటే ఉన్నచో, పరీక్షల గైడ్లే పైకి వచ్చుచుండును. తెలుగున కావ్యములు, నాటకములు రచించిన పిఠాపురము కవి ఉమర్ ఆలీషా వంటివారు అట్టడుగున ఉండిపోవుదురు. ఎవరును తీయని పుస్తకమును యంత్రము చూపదు. చూపని పుస్తకమును ఎవరును తీయరు. ప్రతి గ్రంథమును తన పాఠకుని చేరవలెనని 1931లోనే రంగనాథన్ సూత్రీకరించిన ధర్మమునకు ఇది విరుద్ధము.

మూడవది గోప్యత. విద్యార్థిని వెదకిన మాట కళాశాల దాటి పరుల కంప్యూటరునకు పోవును. వ్యాధిని గూర్చియో, మతసందేహమును గూర్చియో వెదకినవారి పేరు దానితో పోరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల అంగీకారము కావలెనన్నది. మన ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు ఆ వయస్సువారే.

కావున కమిటీవారికి మా విన్నపము. సాఫ్ట్‌వేరునకు సొమ్ము వెచ్చించుటకు ముందు ప్రతి పుస్తకపు పేరును, రచయిత పేరును రెండు లిపులలోను, వాడుకలోనున్న రూపాంతరములతోను నమోదు చేయింపుడు. ఈ పని ఉభయభాషలు చదువగల మన విద్యార్థులే చేయగలరు. సిఫారసులలో సగమైనను అధ్యాపకులు ఎన్నుకొన్నవిగా ఉండనిండు. బయటికి పంపు ప్రశ్నలతో పేరును గాని, రోలు నంబరును గాని పంపకుండునట్లు కట్టడి చేయుడు.

యంత్రమును అద్దెకు తెచ్చుకొనవచ్చును. మన పుస్తకముల పేర్లను సరిగా వ్రాసి పెట్టుకొను బాధ్యత మాత్రము మనదే.