పెంపకంలో వచ్చిన మతం, పెద్దయ్యాక మిగిలే నమ్మకం

నడిగూడెం, కోదాడ, హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఏ ఊరి బడి హాజరు పట్టీ తిరగేసినా సైదులు, సైదయ్య, సైదమ్మ అన్న పేర్లు కనిపిస్తాయి. ఆ పేర్లున్న వాళ్లలో చాలామంది హిందువులే. పిల్లలు కలగకో, కలిగిన పిల్లలు దక్కకో పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని, మొక్కు ఫలించాక సైదులు పేరు పెట్టుకున్న కుటుంబాలవి. జనవరిలో ఉర్సుకు బండి కట్టుకుని పోతారు. గంధం ఊరేగింపు చూస్తారు, మేకపోతును కోసి కందూరు చేసి బంధువులందరికీ వడ్డిస్తారు. అదే కుటుంబం శివరాత్రికి మేళ్లచెరువులో ఉంటుంది. రెండేళ్లకోసారి వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామికీ మొక్కు చెల్లిస్తుంది.

ఈ ఇంట్లో పెరిగిన పిల్లవాడి మతమేదంటే సర్టిఫికెట్ ఒక్క మాటలో చెప్పేస్తుంది. పెద్దయ్యాక వాడు దేన్ని నమ్ముతున్నాడో మాత్రం ఎవరూ అడగరు.

అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ ఒకసారి అడిగింది. 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30 వేల మంది పెద్దవాళ్లను కలిసి, చిన్నప్పుడు మీది ఏ మతం, ఇప్పుడు ఏ మతం అని విచారించింది. 98 శాతం మంది రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు చెప్పారు. అదే సంస్థ లెక్క ప్రకారం దక్షిణ కొరియాలో సగం మంది పెద్దవాళ్లు పుట్టినింటి మతంలో లేరు. ఈ పోలిక చూసి మనవాళ్ల నమ్మకం అంత గట్టిదని మురిసిపోయేవాళ్లున్నారు, మనవాళ్లు ఆలోచించడమే మానేశారని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటు మాటలే. ఆ 98 శాతం చెప్పేది మనిషి ఏ మతం పేరు చెప్పుకుంటున్నాడన్నది మాత్రమే. అదే సర్వేలో కర్మ సిద్ధాంతాన్ని నమ్ముతామన్న హిందువులు 77 శాతం, ముస్లింలూ సరిగ్గా 77 శాతమే. క్రైస్తవుల్లోనూ సగానికి పైగా అదే మాటన్నారు. మతం పేరు మారకుండానే లోపలి నమ్మకం ఎన్ని దారులు తొక్కుతుందో చెప్పడానికి జాన్‌పహాడ్ ఉర్సు ఒక్కటి చాలు.

తెలుగు నేల మీద ఈ దారులు వెతికితే గోరా గారిల్లు ముందు గుర్తొస్తుంది. గోరా అని అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు 1902లో ఛత్రపురంలో ఆచారవంతులైన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. జంధ్యం తీసేసినందుకు ఇల్లు విడవాల్సి వచ్చింది. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ పీఆర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం పోయింది. ఆయన భార్య సరస్వతి గారిదీ ఆచారాల మధ్య పెంపకమే, పదేళ్లకే పెళ్లి. అలాంటి మనిషి గర్భవతిగా ఉండి గ్రహణం వేళ గదిలో దాక్కోకుండా బయట తిరిగారు. ఇంటి కాన్పులు చూసిన ముసలమ్మలంతా ఏమవుతుందో అని భయపడుతున్న కాలంలో చేసిన పని అది. ఏ పుస్తకమూ, ఏ ఉపన్యాసమూ దానికి సాటి రావు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆ దంపతులు నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడ పటమటకు మార్చారు.

ఈ కథను నాస్తికులు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. అయితే అందులో వాళ్లు కూడా నిదానించి చూడాల్సిన సంగతి ఒకటుంది. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టిన కొడుక్కి గోరా లవణం అని పేరు పెట్టారు, ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది పుట్టిన కొడుక్కి సమరం అని. దేవుడి పేరు లేని ఇంట్లో పెరిగిన ఆ పిల్లలు నాస్తిక ఉద్యమంలోనే నడిచారు. తండ్రి తన పెంపకాన్ని దాటారు, పిల్లలు తమ పెంపకంలో నిలిచారు. పెంపకానికి ఉన్న బలం ఆస్తికుల ఇంట్లో ఎంతో నాస్తికుల ఇంట్లోనూ అంతే. పిల్లలకు మతం అంటగట్టకూడదని వాదించేవాళ్లు ఈ నిజాన్ని ఒప్పుకునే వాదించాలి.

గోరా గారింటికి కోడలిగా వచ్చిన హేమలత కథ ఇంకో రకం. ఆమె కవి గుర్రం జాషువా కూతురు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, 1960లో లవణాన్ని పెళ్లాడి, నాస్తిక కేంద్రంలో కలిసిపోయారు. స్టువర్టుపురంలో నేరస్తులన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమె తండ్రి మాత్రం తక్కువ దూరం నడిచారా! పాస్టరు కొడుకైన జాషువా సంస్కృతం నేర్చి పురాణ కథలు పద్యాల్లో రాస్తే క్రైస్తవులు కోప్పడ్డారు, సభల్లో పద్యం చదివితే కులం అడిగి హిందువులు అవమానించారు. ఆయన ‘గబ్బిలం’లో దళితుడి మొర కాశీ విశ్వనాథుడికి చేరవేయించారు, ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాశారు. దానికి 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. జాషువా ఏ మతస్థుడంటే ఒక్క ముక్కలో చెప్పేసేవాళ్లు ఆయన్ను సరిగా చదవనట్టే.

రచయిత చలం సంగతి అందరికీ తెలిసిందే. చిన్నప్పుడు నిష్ఠగా సంధ్యావందనం చేసిన మనిషి బ్రహ్మసమాజం వైపు వెళ్లారు, తర్వాత సంఘాన్నీ ఆచారాన్నీ చీల్చి చెండాడారు, 1950లో కుటుంబంతో అరుణాచలం చేరి 1979లో పోయేదాకా అక్కడే ఉన్నారు. చివరికి దారికొచ్చాడని కొందరు సంబరపడ్డారు, ఓడిపోయాడని కొందరు బాధపడ్డారు. ఆయన వెళ్లింది వదిలిన ఇంటికి కాదు, తాను వెతుక్కున్న చోటికి.

నడిగూడేనికి ఇందులో తనదైన వాటా ఉంది. నిజాం రాజ్యం నడుమ ఉండి కూడా కృష్ణా జిల్లాలో భాగంగా ఉన్న మునగాల పరగణాకు అప్పట్లో ఇది రాజధాని. రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టించి, చరిత్రనూ విజ్ఞానశాస్త్రాన్నీ తెలుగులో అచ్చువేయించారు. కలరా అమ్మవారి కోపం వల్ల కాదు, నీళ్ల వల్ల వస్తుందని తెలుగు పాఠకుడు తన భాషలోనే చదువుకునే దారి అలాంటి పూనికల వల్లనే పడింది. తర్వాత 1930ల్లో అదే పరగణాలో రైతులు జమీందారు మీద తిరగబడ్డారు, ఎర్రజెండా వచ్చింది. తాత పార్టీ సభ్యుడై, మనవడు నలభై ఒక్క రోజుల అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్లు ఇవాళ ఈ ప్రాంతంలో తక్కువేం లేవు. తాత నమ్మకం నిజమైనదే, మనవడి నమ్మకమూ నిజమైనదే. మనవణ్ని చూసి తాత సిగ్గుపడాల్సిన పని లేదు. తాత తప్పు చేశాడని మనవడు అనుకోవాల్సిన పనీ లేదు.

మారిన నమ్మకాన్ని బయటికి చెప్పలేని స్థితి కూడా ఉంది, అదే అసలు బాధ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇస్తారు. అంటే మాల, మాదిగ వాడల్లో ఒక యువతి ఆదివారం ప్రార్థనకు పోతున్నానని కాగితం మీద రాస్తే చదువూ ఉద్యోగమూ చేజారతాయి. ఆ భయంతో నోరు మూసుకున్న మనిషిని అబద్ధాలకోరు అనడం అన్యాయం. మనస్సాక్షికి ఇంత జరిమానా వేసే నిబంధనను మార్చాల్సిందే.

ఏ మతమూ వద్దనుకున్న వాళ్లకూ ఇన్నాళ్లూ గడి లేదు. బిడ్డ జనన ధ్రువపత్రంలో మతం లేదు, కులం లేదు అని రాయమని ఒక జంట అడిగితే అధికారులు కుదరదన్నారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ వీలు కల్పించాలని ఆదేశించింది. కావాల్సింది అలాంటి వెసులుబాటే.

అలాగని పిల్లలకు మతమే చెప్పొద్దనడం సబబు కాదు. పండుగ, పాట, జాతర, ఉపవాసం, రంజాన్ నాటి సేమ్యా పాయసం, ఇవన్నీ బాల్యానికి దక్కాల్సినవే. బాప్టిస్టు సంప్రదాయంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, మనిషి ఎదిగి తన నోటితో విశ్వాసం చెప్పేదాకా ఆగుతారు. ఆ ఆగడంలోని మర్యాద అన్ని మతాల ఇళ్లలోకీ రావాలి. ఎందుకు మొక్కాలి అని పదేళ్ల పిల్ల అడిగితే తిట్టకుండా తెలిసింది చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. ఇరవై ఏళ్లకు బిడ్డ గుడి మానేసినా, మసీదు మానేసినా, ఉన్నట్టుండి మాల వేసినా అన్నం పెట్టే చెయ్యి వెనక్కి పోకూడదు.

2027 ఫిబ్రవరిలో జనగణన సిబ్బంది ఇంటికి వస్తారు. మతం గడి దగ్గరకొచ్చినప్పుడు ఇంటి పెద్ద అందరి తరఫునా ఒకే పేరు చెప్పేయడం మన అలవాటు. ఈసారి ఆ అలవాటు మానండి. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ పిలిచి వాళ్ల జవాబు వాళ్లనే చెప్పనివ్వండి.