తాపీ ఒడ్డున తాపీగా

సూరత్‌లో మరమగ్గం నడిపే తండ్రికి పన్నెండు గంటల షిఫ్టు. పిల్లలు నిద్ర లేచేసరికి ఆయన మగ్గం దగ్గర ఉంటాడు. ఆయన ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళి ఆ నగరంలో స్థిరపడిన నేత కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. అటువంటి ఇంట ఉగాది రోజులలో దొరికే ఒక్క సెలవు ఉదయం ఎంతో విలువైనది. దానిని సార్థకం చేసుకోవడానికి ఒక వెదురు కర్ర, కొంత నైలాను దారం, ఒక చిన్న గాలం చాలు.

అమెరికాలో వసంతం రాగానే పెద్దలు పిల్లలను చెరువు గట్టుకు తీసుకుపోయి బ్లూగిల్ వంటి చిన్న చేపలు పట్టిస్తారు. పెనంలో ఇమిడిపోతాయి గనుక వాటికి ‘పెనం చేపలు’ అని పేరు. మన నీళ్ళలో ఆ స్థానం పరిగెలది, గొరకలది, జిలేబీ చేపలది.

చోటు ఎంచుకోవడంలోనే పెద్దల వివేకం ఉన్నది. ముల్తాయి వద్ద పుట్టిన తాపీ నది 724 కిలోమీటర్లు ప్రవహించి, సూరత్ దాటి, ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. గరాటు ఆకారంలో ఉన్న ఆ సింధుశాఖలో దేశంలోకెల్లా ఎత్తైన పోట్లు వస్తాయి. అమావాస్యకూ పున్నమికీ అవి మరింత ఉద్ధృతమవుతాయి. పాటు వేళ బయటపడిన బురదనేలపై దూరంగా నడిచిపోయిన వారిని తిరిగి వచ్చే నీరు చుట్టుముట్టగలదు. కనుక దుమస్ తీరం చూడడానికే గాని, పిల్లల గాలానికి తగదు. నదిలో అడ్డుకట్టకు దిగువన కూడా దిగరాదు. ఎగువన ఉకాయి జలాశయం నుంచి నీరు వదిలితే మట్టం పెరుగుతుంది; 2006 ఆగస్టు వరద నేర్పిన పాఠం అదే. చేపలు పట్టడానికి అనుమతి ఉన్న, గట్టు లోతు లేని, మురుగు కలవని చెరువు అన్నింటికంటె మేలు.

వానల బురద ఎప్పుడో తేరుకొని, చలి తగ్గి, నీరు వెచ్చబడే కాలమిది. జిలేబీ చేపలు ఒడ్డు దాపునకే వస్తాయి. గాలానికి ఉన్న ఎదురు ముల్లును పటకారుతో నొక్కివేస్తే పిల్లల వేళ్ళకూ, వదలవలసిన చేపకూ గాయం తక్కువ. జొన్నబెండు ముక్క తేలుతూ, గోధుమపిండి ముద్ద ఎరగా ఉంటే సరి. బెండు వణికినంత మాత్రాన లాగరాదు, మునిగినప్పుడు లాగాలి. ఈ చిన్న ఓర్పు నేర్చుకోవడానికి పిల్లలకు ఒక పూట పడుతుంది. తండ్రి వారితో మాట్లాడేది ఆ పూటలోనే.

చిక్కినది శీలావతి పిల్లో, బొచ్చె పిల్లో అయితే వదలివేయాలి. అవి పెరిగి పెద్దవై వానాకాలంలో గుడ్లు పెట్టవలసినవి. జిలేబీ చేప సంగతి వేరు. ఆఫ్రికా ఖండపు ఈ చేపను మన దేశానికి 1952లో తెచ్చారు. అది త్వరగా పెరిగి, అనేక చెరువులలో స్వదేశీ చేపల మేతనూ చోటునూ ఆక్రమించింది. దానిని పట్టి వండుకుంటే చెరువుకు ఉపకారమే.

అయితే ఆ చేపలో తల్లి గుడ్లను నోటిలోనే పొదుగుతుంది. పిల్లలు బయటికి వచ్చిన తరువాత కూడా ఆపద తోస్తే మళ్ళీ తల్లి నోటిలోకే చేరతాయి. ఆ రోజులలో తల్లి మేత దాదాపు ముట్టదు గనుక గాలానికి చిక్కడం అరుదు. ఎప్పుడైనా చిక్కి, ఒడ్డున పడి, నోటి నుంచి గుడ్లు జారవిడిస్తే పిల్లవాడు తండ్రి ముఖం చూస్తాడు. పట్టుకుపోదామా, వదిలేద్దామా?

ఇక్కడ పెద్దలు తొందరపడి తీర్పు చెప్పనక్కరలేదు. చెరువు మేలు ఒక వైపు, కళ్ళ ఎదుట ఉన్న తల్లి మరొక వైపు అని చెప్పి, నిర్ణయం వానికే విడిచిపెట్టవచ్చు. వాడు ఏది ఎంచుకున్నా, ఆలోచించి ఎంచుకున్నాడన్నదే ముఖ్యం. మర్నాడు మగ్గాల హోరులో నిలబడిన తండ్రికి ఆ క్షణం పదే పదే గుర్తుకు వస్తుంది. సంచీ నిండా చేపలు తెచ్చినా, ఖాళీగా తిరిగి వచ్చినా, ఆ ఉదయం వృథా కాలేదు.